‘నీలదర్పణం’: ఒక పోలిక, ఒక ప్రశ్న

ఒక గ్రంథానికి కీర్తి తెచ్చిన పోలికే ఒక్కొక్కప్పుడు ఆ గ్రంథాన్ని సరిగా చదవనివ్వకుండా అడ్డుపడుతుంది. దీనబంధు మిత్ర 1860లో రచించిన బెంగాలీ నాటకం ‘నీల్ దర్పణ్’ విషయంలో ఇదే జరిగింది. నాటకకర్తకు ఆప్తమిత్రుడైన బంకించంద్ర చటోపాధ్యాయ, దీనబంధు జీవితాన్ని గురించి రాసిన వ్యాసంలో ఈ నాటకాన్ని అమెరికా రచయిత్రి హారియెట్ బీచర్ స్టోవ్ నవల ‘అంకుల్ టామ్స్ కేబిన్’తో పోల్చాడు. అమెరికాలో నీగ్రో బానిసల విముక్తికి ఆ నవల ఎంత తోడ్పడిందో, బెంగాల్‌లో నీలిమందు దాస్యంలో మగ్గిన రైతుల విముక్తికి ఈ నాటకం అంత తోడ్పడిందని ఆయన అభిప్రాయం. నాటి నుండి నేటి వరకు సాహిత్య చరిత్రకారులందరూ ఈ మాటను అనుసరిస్తూనే ఉన్నారు. పోలిక సమంజసమైనదే. అయితే రెండు రచనలూ చిత్రించిన దాస్యం ఒక్కటేనా అన్న ప్రశ్నను మాత్రం మన విమర్శ తగినంతగా పట్టించుకోలేదు. ఆ ప్రశ్నకు వెదికే సమాధానంలోనే ‘నీలదర్పణం’ నేటికీ సజీవంగా ఉండటానికి కారణం దొరుకుతుందని నా నమ్మకం.

ముందుగా అమెరికన్ నవల సంగతి. పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించడం పౌరులందరి విధిగా చేస్తూ 1850లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఆ చట్టం రగిల్చిన ఆవేదనలో నుంచి పుట్టిన ఈ నవల 1851 జూన్ నుండి ‘నేషనల్ ఎరా’ పత్రికలో ధారావాహికగా వెలువడి, 1852 మార్చిలో పుస్తకరూపం దాల్చింది. మొదటి ఏడాదిలోనే అమెరికాలో సుమారు 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. కథకు మూలం ఒక అప్పు. కెంటకీ రాష్ట్రంలోని షెల్బీ అనే భూస్వామి స్వతహాగా దయగలవాడే. అయినా అప్పుల పాలై, ఆ అప్పు తీర్చడానికి టామ్‌ను, ఎలైజా అనే దాసి పసిబిడ్డను వర్తకుడికి అమ్మివేస్తాడు. ఎలైజా బిడ్డను ఎత్తుకొని మంచుగడ్డలు తేలుతున్న ఒహాయో నదిని దాటి పారిపోతుంది. టామ్ చేతులు మారి మారి చివరకు లెగ్రీ అనే క్రూరుడి పత్తితోటకు చేరి, అక్కడ కొరడా దెబ్బలకు మరణిస్తాడు. యజమాని మంచివాడైనంత మాత్రాన బానిసకు రక్షణ లేదన్నది ఈ నవల బోధించిన ప్రధాన సత్యం. మనిషి మరొకరి ఆస్తి అయినప్పుడు ఆ మరొకరి అప్పుకు అతడే జామీను.

ఇక బెంగాల్. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని భూభాగాలలో 1843 నాటి 5వ చట్టం బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపును తొలగించింది. నదియా, జెస్సోర్ జిల్లాల నీలిమందు రైతును ఎవరూ సంతలో నిలబెట్టి వేలం వేయలేదు. అతడు చట్టం దృష్టిలో స్వతంత్రుడు. అతడిని బంధించింది ‘దాదన్’. అంటే మన భాషలో బయానా, ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. నీలిమందు కొఠీ గుమాస్తా కొద్దిపాటి రూపాయలు ఇచ్చి కాగితంపై వేలిముద్ర వేయించుకొనేవాడు. ఆ రైతు తన పొలంలో మేలైన భాగంలో వరికి బదులు నీలి మొక్క వేయాలి. కోసి తెచ్చిన మోపులను కొలిచేదీ, వెల కట్టేదీ కొఠీవారే. లెక్క తేలేసరికి రైతుకే బాకీ మిగిలేది. ఆ బాకీ మరుసటి ఏడాది ఒప్పందానికి పునాది అయ్యేది. తండ్రి బాకీ కొడుకు మెడకు చుట్టుకొనేది. షెల్బీ అప్పు టామ్‌ను అమ్మించింది. బెంగాల్ రైతును అమ్మించింది తన పేర రాసిన అప్పే. మొదటి దాస్యంలో మనిషికి సంతకం అవసరం లేదు. రెండవ దాస్యానికి అతడి సంతకమే ఆధారం.

ఈ తేడాను నాటి ప్రభుత్వ శాసనమే ధ్రువపరిచింది. 1859లో రైతులు నీలి సాగుకు నిరాకరించి తిరగబడ్డారు. నదియా జిల్లా చౌగాచాకు చెందిన దిగంబర్ విశ్వాస్, విష్ణుచరణ్ విశ్వాస్ ఆ ఉద్యమానికి ముందు నిలిచారు. తన పొలంలో ఏ పంట వేయాలన్నది రైతు ఇష్టమేనని బారాసత్ మేజిస్ట్రేట్ ఆష్లీ ఈడెన్ ప్రకటించాడు. కలకత్తాలో హరిశ్చంద్ర ముఖర్జీ తన ‘హిందూ పేట్రియట్’ పత్రికను రైతుల విన్నపపత్రంగా మార్చాడు. 1860లో ప్రభుత్వం నీలిమందు విచారణ సంఘాన్ని నియమించింది. అయితే ఆ సంఘాన్ని ఏర్పరచిన 11వ చట్టమే, బయానా తీసుకొని నీలి వేయని రైతును తాత్కాలికంగా శిక్షార్హుడిని కూడా చేసింది. విచారణ, జైలు రెండూ ఒకే చట్టంలో పక్కపక్కనే చోటు చేసుకొన్నాయి. ‘నీలదర్పణం’ ఈ సంధి సమయంలో పుట్టింది.

దీనబంధు మిత్ర తపాలా శాఖ ఉద్యోగి. తనిఖీ పనిమీద ఊరూరా తిరిగినవాడు. కొఠీలను, కచేరీలను, రైతుల ఇళ్లను దగ్గరగా చూసినవాడు. బంకించంద్ర ఒక సంఘటన చెప్పాడు. ఈ నాటకాన్ని రాస్తున్న రోజుల్లో దీనబంధు మేఘనా నది దాటుతుండగా పడవలోకి నీరు చేరి మునిగే స్థితి వచ్చిందట. పడవలోని వారు భయంతో కలవరపడుతుంటే ఆయన మాత్రం వ్రాతప్రతిని చేతపట్టుకొని మౌనంగా కూర్చున్నాడట. 1860లో ఢాకాలో అచ్చయిన ఆ పుస్తకంపై రచయిత పేరు లేదు. ఒకానొక బాటసారి రాసినదని మాత్రమే ఉంది. ప్రభుత్వోద్యోగి పేరు దాచుకోవడం సహజమే. కాని ‘బాటసారి’ అన్న ఆ మాట కేవలం మరుగు కాదు. తాను చూసినదాన్ని మాత్రమే చెబుతున్నానన్న ప్రమాణం అందులో ఉంది.

కథ స్వరపురం అనే గ్రామంలోని గోలోక్ బసు కుటుంబానిది. గత ఏడాది వేసిన నీలికి సొమ్ము ముట్టకముందే ఈ ఏడాది మరింత భూమిలో నీలి వేయమని కొఠీ దొర ఉడ్ ఒత్తిడి చేస్తాడు. పెద్దకొడుకు నవీనమాధవుడు ఎదిరిస్తాడు. దొరలు ముసలి తండ్రిపై తప్పుడు కేసు బనాయిస్తారు. ఎన్నడూ కచేరీ గడప తొక్కని గోలోక్ అవమానం భరించలేక జైలులో ఉరివేసుకొంటాడు. సాధుచరణ్ అనే రైతు కూతురు, గర్భవతి అయిన క్షేత్రమణిని చిన్నదొర రోగ్ కొఠీకి రప్పించి చెరచబోతాడు. నవీనమాధవుడు, తోరాప్ అనే ముస్లిం రైతు వచ్చి ఆమెను విడిపిస్తారు. కాని ఆమె ఆ దెబ్బల నుండి కోలుకోదు. నవీనమాధవుడు ఉడ్ దెబ్బకు నేలకూలతాడు. పిచ్చిదైన తల్లి సావిత్రి తన చేతులతోనే చిన్నకోడలి ప్రాణం తీసి, తెలివి వచ్చిన క్షణంలో తానూ మరణిస్తుంది.

కళాదృష్టితో చూస్తే ఇందులో లోపాలు లేకపోలేదు. చివరి అంకంలో మరణాలు ఒకదానిపై ఒకటి పడి, కరుణ రసం పొర్లి, ప్రేక్షకుడు దుఃఖించడానికి కూడా వ్యవధి దొరకదు. బసు కుటుంబంలోని విద్యావంతులు సంస్కృత సమాస భూయిష్ఠమైన పుస్తక భాషలో విలపిస్తారు. ఆ విలాపం చెవికి సోకుతుంది గాని గుండెకు తగలదు. తోరాప్, తోటి రైతులు, వంటింటి దాసి, పోదీ అనే కుంటెనకత్తె మాట్లాడే పలుకుబడులలో మాత్రం ఊరి మట్టి వాసన గుప్పుమంటుంది. రచయిత దేనిని పుస్తకాల నుండి తెచ్చాడో, దేనిని దారిలో విన్నాడో ఈ భాషాభేదమే చెబుతుంది. సంఘ సంస్కరణను లక్ష్యంగా పెట్టుకొన్న కావ్యాలు సాధారణంగా కావ్యాలుగా రాణించవని, సౌందర్య సృష్టే కావ్యానికి ముఖ్యమని బంకించంద్ర నమ్మకం. ఆ నియమానికి ‘నీలదర్పణం’ అతీతమైనది రచయిత సహానుభూతి వల్లనేనని కూడా ఆయన ఒప్పుకొన్నాడు. స్టోవ్ నవల విషయంలోనూ విమర్శకులు ఇంచుమించు ఇదే తీర్పుకు వచ్చారు. కన్నీరు ఎక్కువ, కట్టుదిట్టం తక్కువ. అయినా మరపునకు రాని పుస్తకం.

టామ్, తోరాప్‌లను పక్కపక్కన నిలిపి చూడటం ఇక్కడ అవసరం. ‘అంకుల్ టామ్’ అన్న మాట తరువాతి కాలంలో యజమానికి తలవంచే నల్లజాతివాడికి తిట్టుపేరు అయింది. దానికి నవల కంటె, నవల పేరుతో ఊరూరా ఆడిన చౌకబారు నాటకాలే ఎక్కువ బాధ్యత వహించాలి. నవలలోని టామ్ తోటి బానిసను కొట్టమన్నప్పుడు కొట్టడు. తప్పించుకొన్న ఇద్దరు స్త్రీల జాడ చెప్పమన్నప్పుడు చెప్పడు. ఆ నిరాకరణకే ప్రాణం అర్పిస్తాడు. కొఠీ గోదాము చీకట్లో బందీ అయిన తోరాప్ కూడా తనకు అండగా నిలిచిన నవీనమాధవుడిపై దొంగసాక్ష్యం చెప్పడానికి మనస్సు ఒప్పనివాడు. ఇద్దరిలోనూ ఉన్న వీరం ఒక్కటే: తోటివాడిని అప్పగించకపోవడం. భేదం ఆ తరువాతి అడుగులో ఉంది. టామ్ తనను చంపినవారిని క్షమిస్తాడు. తోరాప్ దొర ముక్కు కొరికి పారిపోతాడు. క్షమ పాఠకుడిని కదిలించింది. ఆ కాటు మాత్రం పాలకులను కదిలించింది.

గ్రంథం అధికారుల చేతికి చేరిన తీరు ఒక నాటకాన్ని తలపిస్తుంది. నీలిమందు విచారణ సంఘానికి అధ్యక్షుడు, బెంగాల్ ప్రభుత్వ కార్యదర్శి అయిన సీటన్‌కార్, ప్రజల మనస్సు దొరతనానికి తెలియాలన్న తలంపుతో దీనిని ఆంగ్లంలోకి అనువదింపజేయమని చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రెవరెండ్ జేమ్స్ లాంగ్‌ను ప్రోత్సహించాడు. అచ్చయినవి 500 ప్రతులు. వాటిలో కొన్ని ప్రభుత్వ ముద్రతో తపాలాలో ప్రముఖులకు చేరాయి. అనువాదకుడి పేరు లేదు; ఒక దేశీయుడు చేసినదని మాత్రమే ఉంది. మైఖేల్ మధుసూదన్ దత్ దీనిని అనువదించాడన్నది బంకించంద్ర నాటి నుండి వస్తున్న మాట. తరువాతి పండితులు కొందరు దానిని శంకించారు. మధుసూదన్ మనకు పూర్తిగా పరాయివాడు కాడు. 1848 నుండి 1856 వరకు మద్రాసులో ఉన్నాడు. తన దినచర్యను వివరిస్తూ అక్కడి నుండి మిత్రుడికి రాసిన లేఖలో సంస్కృతంతో పాటు తెలుగు అభ్యసించే వేళను కూడా పేర్కొన్నాడు.

నీలిమందు దొరల పక్షం, ‘ఇంగ్లీష్‌మన్’ పత్రిక సంపాదకుడు కలిసి పరువునష్టం అభియోగం తెచ్చారు. 1861 జూలైలో కలకత్తా సుప్రీంకోర్టులో జస్టిస్ మోర్డాంట్ వెల్స్ ఎదుట విచారణ జరిగింది. అనువాదకుడి పేరు చెప్పకుండా లాంగ్ నేరం తనపై వేసుకొన్నాడు. ఒక నెల జైలు, 1,000 రూపాయల జరిమానా విధించారు. మహాభారతాన్ని బెంగాలీ వచనంలోకి తెచ్చిన కాళీప్రసన్న సింహ ఆ సొమ్మును అక్కడికక్కడే చెల్లించాడు. సీటన్‌కార్ కార్యదర్శి పదవి నుండి తప్పుకొన్నాడు. టామ్, తోరాప్ పాటించిన ధర్మాన్నే ఆ కోర్టులో లాంగ్ కూడా పాటించాడు. ఒక గ్రంథ ప్రభావానికి ఇంతకు మించిన నిదర్శనం అరుదు. ఆ గ్రంథంలోని పాత్ర చేసిన పనినే దాని ప్రచురణకర్త బోనులో నిలబడి చేశాడు. నేటి దక్షిణ కోల్‌కతాలో ఠాకూర్‌పుకూర్ మీదుగా సాగే జేమ్స్ లాంగ్ సరణి ఆయన పేరును నిలుపుకొంది.

దీనబంధు ఉద్యోగానికి మాత్రం ముప్పు రాలేదు. లుషాయ్ దండయాత్ర కాలంలో తపాలా ఏర్పాట్లు చేసినందుకు ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు కూడా ఇచ్చింది. 1873లో ఆయన కన్నుమూశాడు. అంతకు కొద్దికాలం ముందే, 1872 డిసెంబరు 7న, కలకత్తా జొరాసాంకోలో మధుసూదన్ సన్యాల్ ఇంటి ఆవరణలో నేషనల్ థియేటర్ వారు టిక్కెట్టు పెట్టి ‘నీలదర్పణం’ ఆడారు. బెంగాలీ ప్రజా రంగస్థలం ఆ రాత్రి మొదలైందని చరిత్రకారులు లెక్కిస్తారు. 1875లో లక్నోలో ప్రదర్శిస్తుండగా తోరాప్ రోగ్ దొరను పట్టుకొనే ఘట్టంలో తెల్ల సైనికులు కత్తులు దూసి వేదికపైకి వచ్చారని, ప్రదర్శన ఆపివేయవలసి వచ్చిందని నటి వినోదినీ దాసి తన ఆత్మకథలో చెప్పింది. దర్పణం పేరుతో ఒక నాటక శాఖయే ఏర్పడింది: మీర్ ముషారఫ్ హుసేన్ ‘జమీదార్ దర్పణ్’, అస్సాం తేయాకు తోటల కూలీలపై దక్షిణాచరణ్ చటోపాధ్యాయ ‘చాకర్ దర్పణ్’. ఈ పరంపర, దానితోపాటు వచ్చిన వ్యంగ్య ప్రదర్శనలు 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టానికి దారి తీశాయి. స్టోవ్ నవల కూడా తరువాత బెంగాలీ పాఠకుడికి అందింది. కవయిత్రి కామినీ రాయ్ తండ్రి చండీచరణ్ సేన్ దానిని ‘టామ్ కాకార్ కుటీర్’ పేర అనువదించాడు. అంటే బెంగాల్ తన సొంత అద్దంలో ముఖం చూసుకొన్న తరువాతనే అమెరికన్ కుటీరం తలుపు తట్టింది.

కాలం గడిచినకొద్దీ రెండు గ్రంథాలకూ కఠిన పరీక్షలు ఎదురయ్యాయి. నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1949లో రాసిన వ్యాసంలో స్టోవ్ నవలను నిలదీశాడు. కన్నీటి ప్రదర్శన నిజమైన అనుభూతికి ప్రత్యామ్నాయం కాదని, ఆమె టామ్‌ను మనిషిగా కాక దయకు పాత్రమైన వస్తువుగా మలిచిందని అతడి అభియోగం. చరిత్రకారుడు రణజిత్ గుహ 1974లో ‘నీలదర్పణం’పై ఇటువంటి విమర్శే చేశాడు. రైతులు తమంతట తాము చేసిన తిరుగుబాటును, బ్రిటిష్ న్యాయంపై విశ్వాసం గల ఉదారవాద మధ్యతరగతి తన అద్దంలో తనకు అనువుగా చూసుకొన్నదని ఆయన వాదన. మహారాణి దయపై, మంచి అధికారులపై దీనబంధు ఉంచిన ఆశ పీఠికలో స్పష్టంగానే ఉంది. గుహ వాదనను తోసిపుచ్చలేము. అయినా ఒక్క విషయం గమనించాలి. పీఠికలో న్యాయాన్ని నమ్మిన రచయితే నాటకంలో గోలోక్ బసును న్యాయస్థానం దారిన చావుకు పంపాడు. కచేరీ, సాక్ష్యం, దస్తావేజు, జైలు అన్నీ చట్టబద్ధంగానే నడుస్తాయి. మనుషులు మాత్రం చస్తారు. రచయిత నమ్మకం కంటె అతడి చూపు దూరం పోయింది. గొప్ప రచనలలో తరచుగా ఇలాగే జరుగుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ సందర్భంలో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ స్ఫురించక మానదు. జైలులో రచింపబడి 1922లో వెలువడిన ఆ నవల మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చిన తరువాతనే అది పూర్తిగా తొలగింది. అందులో పాలేరు సంగదాసు ఎవరికీ అమ్ముడుపోయినవాడు కాడు. కూలి గింజల రూపంలో ఇవ్వాలా, నాణెం రూపంలో ఇవ్వాలా అన్న లెక్క దగ్గర తగాదా పుట్టి, ఆ తగాదాలోనే అతడు చౌదరయ్య దెబ్బకు బలి అవుతాడు. నీలి మోపు కొలతలో దాగిన దాస్యం, గింజల కొలతలో దాగిన దాస్యం రెండూ ఒకే కుదురువి. తండ్రి రామదాసు శాంతిలో టామ్ ఛాయ, దోపిడీదారుగా మారిన వెంకటదాసు ఆగ్రహంలో తోరాప్ ఛాయ కనిపిస్తే అది అనుకరణ కాదు. ఒకే రకమైన గాయానికి మనుషులిచ్చే రెండు రకాల సమాధానాలవి. ఉన్నవ వాటిని ఒకే ఇంట్లో నిలిపాడు.

ప్రభావం అన్న మాటను ఇప్పుడు మరికొంత జాగ్రత్తగా వాడవచ్చు. బెంగాల్‌లో నీలి సాగు తగ్గడానికి నాటకం ఒక్కటే కారణం కాదు. రైతుల ఐక్యతే ప్రధాన కారణం. ఆ సాగు బీహారుకు మరలింది. 1917లో గాంధీజీ చంపారన్ వెళ్లేనాటికి అక్కడి రైతు బిఘాకు మూడు కఠాల చొప్పున నీలి వేయవలసిన ‘తీన్‌కఠియా’ నిర్బంధంలో ఉన్నాడు. గ్రంథాలు దాస్యాన్ని తొలగించవు. తొలగించవలసినది ఒకటున్నదని కాదనలేని స్థితిని కల్పిస్తాయి. స్టోవ్ చూపిన దాస్యాన్ని గుర్తించడం తేలిక. అందులో సంత ఉంది, సంకెల ఉంది. దీనబంధు చూపిన దాస్యాన్ని గుర్తించడం కష్టం. అందులో ఉన్నది ఒక కాగితం, ఒక వేలిముద్ర, చూడటానికి ఇష్టపూర్వకమైన ఒక ఒప్పందం. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో మన సుప్రీంకోర్టు, ఆకలి, పేదరికం అనే ఒత్తిడికి లోనై కనీస వేతనం కంటె తక్కువకు పనిచేయడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని తీర్పు చెప్పింది. నాటకం చూపినదాన్ని న్యాయశాస్త్రం అంగీకరించడానికి 122 సంవత్సరాలు పట్టింది.

వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం 1976లో వచ్చింది. దాని అమలు బాధ్యతను ప్రధానంగా జిల్లా మేజిస్ట్రేటుపై ఉంచారు. వెట్టి బాకీలన్నీ రద్దయినట్లు అది ప్రకటించింది. ఆ చట్టం నిర్వచించిన మొట్టమొదటి పదం గొలుసు కాదు, కొరడా కాదు, యజమాని కాదు. అది ‘అడ్వాన్సు’: నగదుగా గాని, వస్తురూపంలో గాని ముందుగా ఇచ్చే సొమ్ము. పాలమూరు కూలీని మేస్త్రీ వెంట దూరదేశాలకు నడిపించినదీ, ఒడిశా పల్లెల నుండి కుటుంబాలను హైదరాబాదు శివార్లలోని ఇటుక బట్టీలకు రప్పించేదీ అదే సొమ్ము. బెంగాలీలో దాని పేరు దాదన్. చట్టాన్ని అమలుపరచవలసిన అధికారి ఆ నిర్వచనం చదివిన రోజునే ‘నీలదర్పణం’ కూడా చదివితే మంచిది. నిర్వచనం అతడికి ఏది వెదకాలో చెబుతుంది. ఆ చీకటి గోదాములో ఎవరున్నారో నాటకం చెబుతుంది.